పసిడిపిట్టలు

మనము ప్రతిదినము ఎన్నియో వస్తువులను చూచుచుందుము. కాని చూచినవానిలో గుర్తించునవి కొన్ని మాత్రమే. కంటికి ఎదురుగా నున్నదానిని సైతము "లేదు" అని మనము ఎంత తేలికగా చెప్పుదుమో, ఆ మాట వలన ఒక్కొక్కప్పుడు ఎంతటి నష్టము కలుగునో నాకు ఒక చిన్న పక్షి నేర్పినది. ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు పాఠములు చెప్పిన నేను, ఉద్యోగము విరమించిన పిమ్మట, పరదేశమున ఒక ఇంటి పెరటిలో కూర్చుండి ఆ పాఠమును నేర్చుకొంటిని. ఆ సంగతిని మీకు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మా అమ్మాయి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కాపురము చేయుచున్నది. ఆమె పలుమారులు పిలువగా ఒక ఏడు జూలై నెలలో నేను అచ్చటికి వెళ్ళి ఆరు నెలలు ఉంటిని. పగటివేళ కూతురును అల్లుడును ఉద్యోగములకు పోవుదురు. సెప్టెంబరు రాగానే మనుమరాలికి బడి తెరచిరి. ఇంట నేను ఒంటరివాడనైతిని. మన ఊరిలోవలె వీధి అరుగుపై కూర్చున్నచో పదిమంది పలుకరించు వాడుక అచ్చట లేదు. అందుచేత పెరటి వైపున కుర్చీ వేసికొని, చెట్లను, వానిపై వ్రాలు పక్షులను చూచుచు ప్రొద్దు పుచ్చుచుంటిని.

ప్రక్క ఇంటిలో ఒక వృద్ధురాలు ఉండెడిది. ఆమెయు నావలెనే బడిపంతులు పని చేసి విరమించినది. ఉపాధ్యాయులు ఏ దేశమువారైనను ఒకరినొకరు త్వరలోనే గుర్తుపట్టుదురు. మా రెండు పెరళ్ళ నడుమ నడుమెత్తు కంచె మాత్రమే ఉండెను. ఆ కంచెకు ఇటు నేను, అటు ఆమె నిలిచి మాటలాడుకొనుట వాడుకయైనది. ఆమె తన పెరటిలో ఒక కొమ్మకు సన్నని రంధ్రములు గల పొడవైన గొట్టమును వ్రేలాడదీసి, దానిలో పక్షులకై గింజలు పోయుచుండెను. ఆ గొట్టముపై వ్రాలు పక్షులలో ఒకటి మొదటినాడే నా మనస్సును హరించినది.

ఆ పక్షి మన ఊరపిచ్చుక కంటె కొంచెము చిన్నది. దాని బరువు సుమారు 13 గ్రాములు, అనగా మూడు నాలుగు రూపాయి నాణెముల యెత్తు. వేసవిలో మగపక్షి ఒడలంతయు అప్పుడే కోసిన నిమ్మపండువలె పసుపువన్నెతో మెరయుచుండును. నుదుటిపై నల్లని టోపీ పెట్టినట్లుండును. రెక్కలు నల్లనివి, వానిపై తెల్లని చారలు. ముక్కు నారింజవన్నె. ఆడుపక్షి ఇంత మెరుపు కలది కాదు. దానికి టోపీయు లేదు. అది ఎగురునప్పుడు తిన్నగా ఎగురదు. నాలుగు మారులు రెక్కలు కొట్టి, వానిని ముడిచి, క్రిందికి జారి, మరల పైకి లేచుచు, అలపై పడవవలె పోవును. అట్లు పోవుచు చిన్నగా పలుకుచుండును. ఆంగ్లమున దీనిని గోల్డ్‌ఫించ్ అందురు. న్యూజెర్సీవారు 1935లో దీనిని తమ రాష్ట్రపక్షిగా గౌరవించిరి. నేను తెలుగు పండితుడను గనుక నోటికి తెలుగు పేరు లేనిచో తృప్తి కలుగదు. దానికి పసిడిపిట్ట అని పేరు పెట్టుకొంటిని. మా మనుమరాలికి కూడ ఆ పేరే అలవాటైనది.

ఈ పక్షికి ఒక విశేషము కలదు. తక్కిన పక్షులలో పెక్కు వసంతమున గూడు కట్టి, వేసవి నడిమికే పిల్లలను పెంచి, పని ముగించుకొనును. పసిడిపిట్ట జూన్ నెలాఖరు వరకు తొందరపడదు. థిసిల్ అను ముండ్లమొక్క పూచి, కాచి, మన జిల్లేటి దూదివంటి మెత్తని దూదిని గాలికి వదలు కాలమునకై అది వేచియుండును. ఆ దూదిని తెచ్చి గూటిలో పరచును. ఆ గింజలనే తాను తిని, మెత్తపరచి, పిల్లల నోట పెట్టును. చిన్నపక్షులు చాలవరకు తమ పిల్లలకు పురుగులను మేపును. పసిడిపిట్ట మాత్రము గింజలతోనే పెంచును. దాని గూడు ఎంత దట్టముగా అల్లబడునన, వానకురిసినచో ఒక్కొక్కప్పుడు దానిలో నీరు నిలుచునట!

"ఇది మా తరగతిలో అందరికంటె ఆలస్యముగా వచ్చు విద్యార్థి" అని ఆ ఉపాధ్యాయిని నవ్వుచు చెప్పెను. "అందరును పరీక్ష వ్రాసి వెళ్ళిన తరువాత ఇది కలము పట్టును. అయినను తప్పిపోదు."

ఆమె మాట నిజమేనని సెప్టెంబరు చివరివారమున కంటితో చూచితిని. ఒక ఆడుపక్షి కంచెపై వ్రాలెను. దాని వెంట రెండు పిల్లలు రెక్కలాడించుచు, నోరు తెరచి, ఆహారమునకై అరచుచుండెను. చెట్ల ఆకులు అప్పటికే రంగు మారుచుండెను. ఆమె లోనికి పోయి ఒక నోటుపుస్తకము తెచ్చి, తేది, గంట, పక్షుల సంఖ్య, అవి చేయుచున్న పని వ్రాసికొనెను. ఆమె వద్ద అట్టి పుస్తకములు ఏండ్ల తరబడివి కలవు. ఏ పక్షి ఏ ఏడు ఏనాడు మొదట కనబడినదో, ఏనాడు చివరిసారి కనబడినదో వానిలో చూడవచ్చును. అది చూచి నాకును ఉత్సాహము కలిగి ఒక దినచర్యపుస్తకము ప్రారంభించితిని.

అక్టోబరు వచ్చెను. చెట్లు ఎఱ్ఱగను, పసుపుగను మారి ఆకులు రాల్చసాగెను. పసుపుపిట్టలు దినదినము తగ్గుచుండెను. అక్టోబరు మూడవ వారమున నాలుగు దినములు వరుసగా చూచినను ఒక్కటియైనను కనబడలేదు. నాటి రాత్రి నా పుస్తకములో ఇట్లు వ్రాసితిని: "పసిడిపిట్టలు వెళ్ళిపోయినవి. చలికి తాళలేక దక్షిణదేశములకు పోయినవి. లక్ష్మి తొలగిన లోగిలివలె పెరడు చిన్నబోయినది." వాక్యము బాగుగా కుదిరినదని సంతోషించి, మరునాడు ఉదయము కంచె వద్ద ఆమెకు దానిని ఆంగ్లమున వివరించి చెప్పితిని.

ఆమె నవ్వలేదు. మంచి విద్యార్థిని అడిగినట్లు మెల్లగా అడిగెను: "అవి వెళ్ళుట మీరు చూచితిరా?"

"చూడలేదు. కాని నాలుగు దినముల నుండి కనబడుటలేదు గదా?"

"ఆ గొట్టముపై ఇప్పుడు కూర్చున్నవి ఏవి?"

నేను చూచితిని. ఆరు పక్షులు కూర్చుండి గింజలు తినుచుండెను. "అవి ఏవో మట్టివన్నె పిట్టలు. వారము దినములనుండి వచ్చుచున్నవి" అంటిని.

ఆమె తన మెడలోని బైనాక్యులరు తీసి నా చేతికిచ్చి, "రంగును చూడకుడు. రెక్కను చూడుడు" అనెను.

నేను చూచితిని. నల్లని రెక్కలు. వానిపై అడ్డముగా లేతచారలు. గింజను ఒలుచుటకు తగిన పొట్టి ముక్కు. ఒక పిట్ట లేచి ఎగిరెను: నాలుగు మారులు రెక్కలు కొట్టి, ముడిచి, జారి, అలపై పడవవలె పోయెను. పోవుచు ఆ పాత పలుకే పలికెను. నా చేయి వణికినది. అవి పసిడిపిట్టలే. నేను వెళ్ళిపోయినవని వ్రాసిన పక్షులు నా ముక్కు యెదుటనే కూర్చుండి వారము దినములుగా భోజనము చేయుచుండెను!

అప్పుడామె నాకు వివరించినది. వేసవి గడచి పిల్లలు పెద్దవైన తరువాత పసిడిపిట్ట తన పాత ఈకలను రాల్చి క్రొత్తవానిని ధరించును. ఆ క్రొత్త ఈకలు మట్టివన్నెవి. నల్లని టోపీ పోవును. నారింజవన్నె ముక్కు కూడ నల్లబడును. ఆకులు లేని కొమ్మలలో, ఎండిన గడ్డిలో, శత్రువుల కంట పడకుండ దాగుటకు ఆ రంగు అనువుగా నుండును. వసంతము సమీపించినపుడు ఒడలి ఈకలను మరల మార్చుకొని మగపక్షి పసిడివన్నె తాల్చును. దాని దగ్గరి బంధువులైన పక్షులు ఏటికొకసారి మాత్రమే ఈకలు మార్చును. ఇది రెండు మారులు మార్చును.

"అయితే ఇవి వేసవిలో మనము చూచిన ఆ పిట్టలే అన్నమాట" అంటిని.

"అదియు చెప్పలేము" అని ఆమె తల యూచెను. "వానిలో కొన్ని దక్షిణమునకు పోయి యుండవచ్చును. ఉత్తరమున మంచు ఎక్కువయగు చోటులనుండి కొన్ని ఇచ్చటికి వచ్చి యుండవచ్చును. కాలికి గుర్తు కట్టనిదే ఏ పిట్ట ఏదియో తెలియదు. మీరు 'చూడలేదు' అని వ్రాయుడు. అది సత్యము. 'లేవు' అని వ్రాయుటకు మాత్రము చాల కష్టపడి వెదకవలెను."

ఆ రెండు మాటలకు గల భేదమును నేను ఎన్ని తరగతులలో వ్యాకరణముగా బోధించియుంటినో! కాని జీవితములో దానిని పాటించలేదు. ఆ సంగతి నవంబరు నెలలో మరియొక విధముగా నాకు జ్ఞాపకము వచ్చినది.

ఒకనాడామె గొట్టములో గింజలు పోయుచుండగా కొన్ని నేలపై రాలెను. నేను వంగి పిడికెడు ఎత్తి చూచితిని. సన్నగా, నల్లగా, నిగనిగలాడుచున్న ఆ గింజలను చూడగానే, "ఇవి మా వలిసెలు!" అని తెలుగులోనే అరచితిని. ఆమె సంచిని త్రిప్పి చూపినది. గింజలు భారతదేశమునుండి వచ్చినవని దానిపై అచ్చువేసి యుండెను. వానిని అచ్చట నైజర్ గింజలందురు. మన దేశమునుండియు, ఇథియోపియా, మయన్మార్ దేశములనుండియు అవి అమెరికాకు పోవుచున్నవి. గింజలతో పాటు ఇతర మొక్కలపై అల్లుకొని వాని సారము పీల్చు కలుపుతీగల విత్తనములు చేరకుండ, వేడిచేసిన పిమ్మటనే వానిని అమ్మనిత్తురు. పసిడిపిట్టలకు అవి మిక్కిలి ప్రీతి.

విద్యార్థులారా! మీలో అరకులోయను చూచినవారికి వలిసెలు తెలిసియుండును. కొందరు వానిని వెఱ్ఱినువ్వులందురు. చలికాలము ప్రవేశించుసరికి ఆ లోయలో కొండవాలులన్నియు వలిసెపూలతో పసుపుబట్ట పరచినట్లుండును. గిరిజనులు ఆ గింజలనుండి నూనె తీయుదురు; మిగిలినవానిని సంతలలో అమ్ముదురు. మన మన్యపు కొండలపై కాయు పంట వేల క్రోసుల దూరమున మంచులో ఒక చిన్నపిట్ట ప్రాణము నిలుపుచున్నదనిన ఎంత ఆశ్చర్యము! కాని ఆ గింజలు నా అరచేతిలో ఉండగా నాకు ఆశ్చర్యముకంటె ముందు ఒక బాలుని ముఖము జ్ఞప్తికి వచ్చినది.

నేను ఉద్యోగములో చేరిన తొలిదినములలో ఆ ప్రాంతమున ఒక పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉంటిని. నా తరగతిలో ఒక గిరిజన బాలుడు మొదటి వరుసలో కూర్చుండెడివాడు. తలకు నూనె రాచి, చొక్కా గుండీలన్నియు పెట్టుకొని, వేళకు ముందే వచ్చెడివాడు. పద్యము ఒకమారు చెప్పినచో రెండవమారు తాను అప్పగించెడివాడు. ఒక ఏడు వలిసెలు పూచిన కాలమున అతడు బడికి రాలేదు. ప్రతిదినము పేరు పిలుచుట, బదులు రాకపోవుట, నేను గైరుహాజరు వేయుట. చేనిపనికి పోయియుండునని అనుకొంటిని. ఎవరిని పంపి విచారింపలేదు. కొన్ని వారములకు నిబంధన ప్రకారము పేరు కొట్టివేసితిని.

అటు తరువాత ఒక ఉదయము నేను పాఠము చెప్పుచుండగా కిటికీ ప్రక్కన ఒక పిల్లవాడు నిలిచెను. జుట్టు రాలిన తల, లోతుకు పోయిన కన్నులు, ఒంటిచుట్టు పాత దుప్పటి. పశువులు కాయువాడెవడో వేడుక చూచుచున్నాడని తలచి, "ఎవడవురా? పాఠము జరుగుచున్నది, పొమ్ము" అంటిని. వాడు ఏమియు అనలేదు. కొంచెముసేపు నిలిచి వెళ్ళిపోయెను. మధ్యాహ్నము పిల్లలు నా వద్దకు వచ్చి, "వాడే నండీ, మాస్టారూ! మన్యపు జ్వరము వచ్చి నెల దినములు మంచముమీద ఉన్నాడట. పేరు ఉన్నదో లేదో అడుగుటకు వచ్చినాడు" అనిరి.

నేను ఆ ఆదివారము వారి ఊరికి నడచి పోయితిని. దారి పొడుగున వలిసెచేలు పూచియుండెను. ఇంటివద్ద తల్లి మాత్రము ఉండెను. బడిలో తనను ఎవరును ఎరుగరని చెప్పి, పిల్లవాడు మేనమామతో కూలిపనికి దూరప్రాంతము వెళ్ళిపోయినాడట. "మళ్ళీ వచ్చినచో నా వద్దకు పంపుడు, పేరు వ్రాసికొందును" అని చెప్పి వచ్చితిని. నాకు ఆ ఊరినుండి బదిలీ అగువరకు ఎదురుచూచితిని. అతడు రాలేదు.

నా యెదుట మొదటి వరుసలో ఏడాదికి పైగా కూర్చున్న బాలుని, ఒక దుప్పటి కప్పుకొన్నంత మాత్రమున నేను గుర్తుపట్టలేకపోయితిని. నూనె రాచిన తలను, గుండీలు పెట్టిన చొక్కాను నేను ఎరుగుదును గాని ఆ పిల్లవానిని ఎరుగను. ఆ సంగతిని ఇన్ని ఏండ్లు నేను ఎవరికిని చెప్పలేదు. ఆనాడు కంచె ప్రక్కన నిలిచి ఆమెకు చెప్పితిని. ఆమె చాలసేపు మౌనముగా ఉండి, "నా పుస్తకములలో కూడ అట్టి తప్పులు కలవు, అవి పక్షులవి మాత్రమే కావు" అని, గొట్టమునకు మూత పెట్టి లోనికి వెళ్ళెను.

డిసెంబరు నడుమ ఆమె నన్ను పక్షుల లెక్కింపునకు తీసికొనిపోయెను. దీనికి ఒక చరిత్ర కలదు. పూర్వము అమెరికాలో క్రిస్మస్ దినములలో జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పక్షులను, జంతువులను చంపుదురో అని పందెము వేసి వేటాడెడివారు. ఫ్రాంక్ చాప్‌మన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు, "చంపుటకు బదులు లెక్కింపరాదా?" అను ఆలోచన కలవాడై 1900 సంవత్సరము క్రిస్మస్ దినమున తొలి లెక్కింపు జరిపించెను. ఆనాడు 25 చోట్ల 27 మంది పాల్గొనిరి. నేడు ప్రతి సంవత్సరము డిసెంబరు 14 మొదలు జనవరి 5 వరకు వేలకొలది జనులు దానిలో పాల్గొనుచున్నారు. 15 మైళ్ళ వ్యాసము గల ఒక వలయమును గీసి, ఒక్క దినములో దానిలో కనబడిన, వినబడిన ప్రతి పక్షిని లెక్కవేయుదురు. జీతము లేదు, బహుమానము లేదు.

ఆ ఉదయము నేల గడ్డకట్టియుండెను. నేను రెండు కోట్లు, ఉన్ని టోపీ ధరించినను వణకుచుంటిని. మా జట్టులో ఎనమండుగురము. పుస్తకము పట్టి సంఖ్యలు వ్రాయుపని నాకు అప్పగించిరి. ఒక బీడు అంచున ఎండిన ముండ్లమొక్కలపై పసిడిపిట్టల గుంపు వ్రాలి గింజలు ఏరుకొనుచుండెను. ఇప్పుడు నేను మోసపోలేదు. నేనే ముందుగా వానిని చూపితిని. లెక్కించుచుండగనే అవి ఒక్కసారిగా లేచిపోయెను.

"ఎన్ని?" అని మా జట్టు నాయకుడైన యువకుడు అడిగెను.

"పదునాలుగు వరకు లెక్కించితిని. కాని ఇరువది ఉండును" అంటిని.

"అయినచో 14 వ్రాయుడు" అనెను.

వానిలో ఒకటి రొమ్మున చారలు కలదిగా తోచినది. ఆ గుంపులతో కలిసి తిరుగు పైన్ సిస్కిన్ అను మరియొక పక్షికి అట్టి చారలుండును. నేను దానిని సరిగా చూడలేదు. క్రొత్త పక్షిని కనుగొంటినను పేరు వచ్చునను ఆశ ఒక క్షణము నాకు కలిగినది. చెప్పినచో కాదనువారెవరును లేరు. కాని కిటికీ ప్రక్క నిలిచిన ముఖము జ్ఞాపకము వచ్చి, "గుర్తింపబడని పక్షి, ఒకటి" అని వ్రాసితిని. యువకుడు దానిని చదివి, "మంచిది" అనెను. నా ఉద్యోగకాలమున తనిఖీ అధికారులు వ్రాసిన ప్రశంసలలో ఏ ఒక్కటియు నాకు ఆ మాట ఇచ్చినంత సంతోషము నీయలేదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత పట్టుదల ఏల అని మీరు అడుగవచ్చును. ఇట్టి సామాన్యులు ఏండ్ల తరబడి వ్రాసిన లెక్కలను ఇతర లెక్కలతో చేర్చి పరిశీలించి, ఉత్తర అమెరికాలో 1970 నుండి సుమారు 290 కోట్ల పక్షులు తగ్గినవని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ తగ్గుదల ఒక్కనాటితో, ఒక్కచోట, ఒక్కని కంటికి కనబడునది కాదు. ఇరువది అని తోచినపుడు పదునాలుగే వ్రాసినవారి వలననే అది తెలియవచ్చినది. తోచినదెల్ల వ్రాసియుండినచో, పక్షులు తగ్గుచుండగనే పుస్తకములలో అవి నిండుగా ఉండెడివి. ఆ పొరపాటును ఎవరును దిద్దజాలరు.

జనవరిలో నేను మా ఊరికి తిరిగి వచ్చితిని. మా చెరువుగట్టున ఈతచెట్లకు గిజిగాని గూళ్ళు వ్రేలాడుచుండును. నా చిన్నతనము నుండి వానిని చూచుచున్నాను. వానకాలమున మగ గిజిగాడు నెత్తిన, రొమ్మున పసుపువన్నె తాల్చి గడ్డిపోచలతో గూడు అల్లుచుండును. వానలు వెనుదీయగానే గిజిగాళ్ళు ఎచ్చటికో పోవునని నేను తలచియుంటిని; పిల్లలకును అట్లే చెప్పియుంటిని. ఈసారి కోతలైన పొలమున పిచ్చుకలవంటి మట్టివన్నె పిట్టల గుంపును చూచి, రంగును విడిచి ముక్కును చూచితిని. పిచ్చుక ముక్కు కంటె లావైన ముక్కు. వీపున చారలు. అవి గిజిగాళ్ళే! వానకాలపు పసుపుబట్టలు విడిచి, మా పొలములలోనే, మా కాళ్ళ చెంతనే తిరుగుచుండెను. పసిడిపిట్ట నాకు పరదేశపు పక్షి. దానిని ఎరుగకపోవుట పెద్దతప్పు కాదు. గిజిగాని ఎరుగకుండ అరువది ఏండ్లు గడిపినందులకు మాత్రము సిగ్గుపడితిని.

సలీం అలీ అను మహానుభావుని పేరు మీరు వినియుందురు. ఆయన 1896లో బొంబాయిలో జన్మించెను. బాల్యమున తాను కొట్టిన ఒక పిచ్చుక కంఠమున పసుపు మచ్చను చూచి, ఇది అన్ని పిచ్చుకలవంటిది కాదని గ్రహించి, అది ఏ పక్షియో తెలిసికొనుటకు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు తీసికొనిపోయెను. ఆ చిన్న మచ్చయే ఆయన జీవితమునకు దారి చూపినది. 1931-32లో ఆయన హైదరాబాదు రాజ్యమున తిరిగి అచ్చటి పక్షులను పరిశీలించెను. భారతదేశపు పక్షులను గూర్చి మనకు తెలిసినదానిలో చాల భాగము ఆయన శ్రమఫలమే. ఇప్పుడు మన దేశమునను ప్రతి ఫిబ్రవరిలో ఇంటి పెరటిలోని, బడి ఆవరణలోని పక్షులను లెక్కించు వాడుక ఏర్పడినది. దానికి కావలసినవి ఒక కలము, ఒక కాగితము, కొంత ఓర్పు.

ఏప్రిల్ నెలలో మా మనుమరాలు నాకు వార్త పంపినది: "తాతగారూ! గొట్టముపై ఒక పిట్టకు సగము మట్టివన్నె, సగము పసుపు. అతుకులబొంతవలె ఉన్నది. నాలుగు పిట్టలను చూచితిని. ఇంకను ఉన్నవేమో చూడలేదు." చివరి వాక్యమును చదివి నేను రెండుమారులు సంతోషించితిని.

నాటి సాయంకాలము నా దినచర్యపుస్తకము తీసి, అక్టోబరునాటి పుటను తెరచితిని. లక్ష్మి తొలగిన లోగిలి అను వాక్యము అచ్చటనే ఉన్నది. దానిని కొట్టివేయలేదు. తప్పు కూడ ఒక లెక్కయే. దాని క్రింద తేది వేసి, "వెళ్ళలేదు. నేను గుర్తింపలేదు" అని వ్రాసితిని. ఆ పాఠశాల హాజరుపట్టికలో నా చేతివ్రాతతో కొట్టివేయబడిన పేరు క్రింద అట్లు వ్రాయుటకు నాకు అవకాశము లేదు.

విద్యార్థులారా! మీ తరగతిలో, మీ వీధిలో, మీ ఇంటిలో ఒకరు నిన్నటివలె నేడు కనబడకపోవచ్చును. కష్టము వచ్చినవారు, జబ్బుపడినవారు, పేదరికమున పడినవారు వేసవిలోని పసిడివన్నెతో మీ యెదుటికి రారు. "వీరెవరో" అని త్రోసిపుచ్చుటకు ముందు ఒక్కమారు నిలిచి చూడుడు. చూచినంతవరకే చెప్పుడు. చూడనిదానిని "చూడలేదు" అనుడు. "లేదు" అని మాత్రము తొందరపడి అనకుడు.